ఆయకట్టు సున్నా అయితే చెరువు విలువ ఎంత?

ఇరిగేషన్ ఆఫీసులో చెరువుల లెక్క అడిగితే మొదట వినిపించేవి నాలుగైదు అంకెలు. కట్ట ఎంత పొడవు, తూములు ఎన్ని, నీళ్లు పొర్లిపోయే మత్తడి ఎంత వెడల్పు, నిండితే ఎన్ని నీళ్లు పడతాయి, కింద ఎన్ని ఎకరాలు పారుతుంది. వీటిలో అందరి కన్నూ పడేది చివరి అంకె మీదే, అదే ఆయకట్టు. మరమ్మతుకు డబ్బులు అడగాలన్నా, వద్దని ఫైలు వెనక్కి పంపాలన్నా దాన్నే చూస్తారు. పల్లెలో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. ఊరు పెరిగి చెరువు దాకా వచ్చినచోటే తేడా కొడుతుంది. మడి చెక్కలు ప్లాట్లు అవుతాయి, తూము తిప్పే పని పోతుంది, ఆయకట్టు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వస్తుంది. అది సున్నాకు వచ్చిన రోజు నుంచి ఆ చెరువు కాగితం మీద ఎవరికీ పనికిరానిది.

నిజానికి దాని పని పెరిగేది అప్పుడే. వాన పడితే కాలనీల నీళ్లు దిగేది అందులోకే. చుట్టూ ఉన్న బోర్లలో ఊట నిలిచేది దానివల్లే. బెస్తవాళ్ల వలకు చేపలు, బర్రెలకు నీళ్లు, బతుకమ్మకు రేవు, ఎండాకాలం సాయంత్రం చల్లగాలి, ఇవేవీ ఆగిపోలేదు. కాకపోతే వీటిని రాసుకోవడానికి రిజిస్టర్‌లో గడి లేదు. గడి ఉన్నా, ఏ అంకె వేయాలో, ఎలా కొలవాలో నేర్పిన శిక్షణ లేదు.

దక్షిణ తెలంగాణలో ఈ లోటు ఇప్పుడు ఎక్కువ కనిపించడానికి కారణం ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన జరిగాక పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట జిల్లా కేంద్రాలయ్యాయి. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, భువనగిరి అయ్యాయి. కలెక్టరేట్ కట్టే చోటు ఖరారైతే చాలు, చుట్టూ ఐదారు కిలోమీటర్ల భూమి ధర మారిపోతుంది. ఆ ఐదారు కిలోమీటర్లలో కుంటో చెరువో లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు.

చెరువు, వాగు, అడవి లాంటివి మనుషులకు చేసిపెట్టే పనులను శాస్త్రవేత్తలు ఎకోసిస్టమ్ సర్వీసెస్ అంటారు, తెలుగులో ఆవరణ వ్యవస్థ సేవలు. ఐక్యరాజ్యసమితి చొరవతో జరిగి 2005లో వెలువడిన మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ వీటిని నాలుగు రకాలుగా విడదీసింది. చేతికి అందే సరుకులు, విపత్తును అదుపులో పెట్టే పనులు, మనసుకూ సంస్కృతికీ సంబంధించినవి, వీటన్నిటికీ ఆధారంగా ఉండేవి. పాఠం చెప్పడానికి బాగుంటుంది గానీ, చెరువు గట్టు మీద నిలబడ్డ ఇంజినీర్‌కు ఈ విభజన వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అతనికి కావలసింది ఎలా కొలవాలన్నది.

ఆ కొలిచే పద్ధతుల్లో కొన్నిటికి పదును పెట్టింది సముద్ర తీరాలే. కారణం తెలిసిందే. తుఫాను వచ్చిపోయాక ఏ ఊరు ఎంత నష్టపోయిందో పక్కపక్కనే పెట్టి చూడొచ్చు. 1999లో ఒడిశాను తుడిచిపెట్టిన సూపర్ సైక్లోన్ తర్వాత భితర్‌కనికా మడ అడవుల దగ్గర రుచీ బడోలా, ఎస్.ఎ. హుస్సేన్ అనే పరిశోధకులు సరిగ్గా అదే చేశారు. మూడు ఊళ్లు తీసుకున్నారు. ఒకదానికి అడ్డంగా మడ అడవి ఉంది. రెండోదానికి మడ లేదు, కరకట్ట ఉంది. మూడోదానికి రెండూ లేవు. ఇంటింటికీ తిరిగి నష్టం రాసుకున్నారు. మడ అడవి చాటున ఉన్న ఊళ్లో ఇంటికి సగటు నష్టం 33 డాలర్లు తేలింది. ఏ రక్షణా లేని ఊళ్లో 44 డాలర్లు. కరకట్ట ఉన్న ఊళ్లో దాదాపు 154 డాలర్లు.

కట్ట ఉన్న ఊరే అందరికంటే ఎక్కువ మునిగింది. కట్ట తెగినచోట లోపలికి వచ్చిన ఉప్పునీరు బయటికి పోవడానికి అదే కట్ట అడ్డమైంది. 2005లో అచ్చయిన ఈ పరిశీలనలో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. ఉన్నదల్లా సరైన పోలిక, ఓపికగా అడిగిన ప్రశ్నలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పాలమూరు, నల్లగొండ ఆఫీసర్లు తీరప్రాంత అనుభవం నుంచి నేర్చుకోవలసింది ఇదే. మడ చెట్టు పేర్లు బట్టీపట్టాల్సిన పని లేదు. ఉన్నచోటుకూ పోయినచోటుకూ తేడాను ఎలా పట్టుకోవాలో తెలిస్తే చాలు.

మనకు తీరం లేదు గానీ తీరం లాంటి గీత ఒకటి ఉంది, ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. చెరువు మత్తడి దాకా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా పరుచుకుంటాయో ఆ గీత. సముద్ర తీరానికి 1991 నుంచి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ఉంది, తీరం వెంబడి కట్టడాలను నియంత్రించేది. 2011లో, 2019లో మార్చి రాశారు. మన చెరువులకు 2012 నాటి 168 జీవో బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదిలి కట్టుకోవాలి. అసలు తిరకాసు వేరే చోట ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు చదివితే, తాగునీటి కోసమో సాగునీటి కోసమో మనుషులు కట్టిన చెరువులు ఆ నిర్వచనంలోకి రావని ఉంటుంది. తెలంగాణలో చెరువంటేనే మనిషి కట్టింది. వందల ఏళ్ల కిందట ఎవరో కట్టపోసి నిలిపిన నీళ్ల చుట్టూ తుంగ మొలిచింది, పిట్టలు వచ్చాయి, చేప పెరిగింది. అయినా నిబంధన దృష్టిలో అది ఇరిగేషన్ కట్టడం. సాగు ఉన్నంతకాలం ఇరిగేషన్ శాఖ చూసుకుంటుందిలే అనుకోవచ్చు. సాగు పోయాక దానికి ఇటు ఆయకట్టు విలువా లేదు, అటు చిత్తడి నేల రక్షణా లేదు. ఈ రెంటి మధ్య సందులోనే టౌన్ల చెరువులు మాయమవుతున్నాయి.

శిఖం భూముల, అంటే చెరువు నిండితే మునిగే భూముల సంగతి ఇంకో చిక్కుముడి. చెరువు లోపలి భూమి అంతా సర్కారుదే అనుకునేవాళ్లు చాలామంది. ఎఫ్‌టీఎల్ లోపల పట్టా ఉన్న రైతులూ ఉంటారు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు దున్నుకుని పంట తీసుకోవడం వాళ్ల హక్కు, కట్టడాలు మాత్రం కట్టకూడదు. ఆయకట్టు కింద పొలం ఉన్న రైతు ప్లాట్లు వేసి అమ్ముకున్నప్పుడు శిఖం పట్టాదారు కూడా అదే ధర ఆశిస్తాడు. అతన్ని దొంగలా చూసే సర్వే ఏదీ ముందుకు సాగదు. చెరువు చేసే మేలు ఊరందరిదీ, దానికోసం భూమి వదులుకునేది పదిమంది. ఈ లెక్కను బయటపెట్టడం కూడా మదింపులో, అంటే చెరువుకు విలువ కట్టడంలో భాగమేనని శిక్షణలో చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు.

ఒక మోటు లెక్క వేసి చూద్దాం. ఊరికి ఎగువన వెయ్యి ఎకరాల పరీవాహకం, దిగువన నిండితే వంద ఎకరాలు పరుచుకునే చెరువు ఉన్నాయనుకోండి. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడింది. వాతావరణ శాఖ భారీ వర్షం అనే కోవలోనిదే ఇది, కుంభవృష్టి కాదు. వెయ్యి ఎకరాల మీద పడ్డ నీళ్లు సుమారు 4 లక్షల ఘనపు మీటర్లు. ఎగువన వానాధారపు చెల్క పొలాలు, గడ్డి బీళ్లు ఉండి నూటికి ముప్పై వంతులే పారి వచ్చాయనుకుంటే చెరువులో మట్టం 30 సెంటీమీటర్లు లేస్తుంది. అంటే ఒక అడుగు. కట్ట మీద నిలబడ్డవాళ్లకు పెద్ద మార్పు కనిపించదు.

అదే వెయ్యి ఎకరాలు స్లాబులు, సీసీ రోడ్లు అయ్యాయనుకోండి. నీళ్లు ఇంకడానికి చోటు లేక నూటికి ఎనభై వంతులు పారి వస్తే మట్టం 80 సెంటీమీటర్లు లేస్తుంది. ఈలోగా చెరువు కూడా పూడ్చగా పూడ్చగా అరవై ఎకరాలకు వచ్చిందనుకోండి. అదే వాన, అవే నీళ్లు, కానీ మట్టం లేచేది 1.33 మీటర్లు, నాలుగడుగుల పైమాటే. ఒడ్డు వాలునూ మత్తడి మీదుగా వెళ్లిపోయే నీళ్లనూ పక్కనపెట్టిన లెక్క కాబట్టి నిజం అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా అడుగుకూ నాలుగడుగులకూ మధ్య ఉన్న మూడడుగుల నీళ్లు ఎవరి ఇంట్లోకి వెళ్తాయన్నదే ప్రశ్న. ఆ ఇళ్లు ఎన్ని, ఒక్కో ఇంట్లో ఫ్రిజ్జు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, రెండు వారాల కూలి కలిపి ఎంత పోతుంది అని లెక్కగడితే చెరువు వరద విషయంలో చేసే పనికి ఒక విలువ వస్తుంది. దీన్నే నష్టం తప్పించిన విలువ అంటారు. భితర్‌కనికాలో లెక్కించింది కూడా దీన్నే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కేంద్రంగా నడిచే నేచురల్ క్యాపిటల్ ప్రాజెక్ట్ వాళ్ల ఇన్‌వెస్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి లెక్కలను మ్యాపు మీద వేసి చూపిస్తుంది. ఉచితమే. తీరం ఎక్కడ బలహీనంగా ఉందో చూపే విభాగంతో పాటు పట్టణ వరద, పట్టణ చల్లదనం కోసం వేరే విభాగాలు కూడా ఉన్నాయి. టౌన్ ప్లానింగ్ సిబ్బందికి వారం రోజుల్లో నొక్కడం నేర్పొచ్చు. చిక్కేమిటంటే, దానికి మేత వేయాలి. నేల రకం, వాన, భూమి వాడకం, ఏ ఇల్లు ఏ ఎత్తులో ఉంది అన్న వివరాలు కావాలి. ఊరు గురించిన వివరం తప్పయితే రంగు రంగుల మ్యాపు కూడా తప్పే. పైగా అందంగా ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు.

అందుకే శిక్షణ మొదలవ్వాల్సింది కంప్యూటర్ దగ్గర కాదు. దీనికి మంచి ఉదాహరణ కోల్‌కతాలో ఉంది. ధ్రువజ్యోతి ఘోష్ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో శానిటేషన్ ఇంజినీర్. 1980ల మొదట్లో మహానగరం మురుగు ఎటు పోతోందో చూడమన్నారు. ఆయన ఆ కాలువ వెంబడి నడుచుకుంటూ పోయారు. చివర్లో చేపల చెరువులు కనిపించాయి. అక్కడి జాలర్లు మురుగును తక్కువ లోతు చెరువుల్లో నిలిపి, ఎండకూ నాచుకూ వదిలేసి, నీళ్లు తేటపడ్డాక చేపలు పెంచుతున్నారు. శుద్ధి ప్లాంట్ చేసే పని పైసా కరెంటు ఖర్చు లేకుండా తరాలుగా జరిగిపోతోంది. ఆ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు 12,500 హెక్టార్లు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. ఇంజినీర్ నడవకపోతే అవి ఫైళ్లలో ఖాళీ స్థలంగానే ఉండేవి.

మన దగ్గర ఆ నడకకు తోడు రావాల్సింది ఎవరు? మొదటివాడు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత దించాలో చూసిన మనిషి. ఆ పని పోయినచోట కూడా ముసలి నీరటి ఊళ్లోనే ఉంటాడు. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నుంచి కింది చెరువుకు వాగు ఏ దారిన వచ్చేదో, ఇప్పుడు ఆ దారి మీద ఎవరి ఫంక్షన్ హాలు ఉందో ఆయన వేలుపెట్టి చూపిస్తాడు. ఏ గూగుల్ మ్యాపూ అంత స్పష్టంగా చెప్పలేదు. రెండోవాళ్లు మత్స్య సహకార సంఘం వాళ్లు. నీళ్లలో తేడా వస్తే ముందు తెలిసేది వాళ్లకే. బొచ్చె, రవ్వ చేపల ఎదుగుదల తగ్గడం, గుర్రపుడెక్క ఏ మూల నుంచి పాకుతోంది, ఏ కాలువలోంచి నురుగు వస్తోంది, తెల్లారేసరికి చేపలు తేలిన రోజు ఏది అన్నవి వాళ్ల నోటి లెక్కలో ఉంటాయి. మూడోవాళ్లు చుట్టుపక్కల బోర్లు వేసే మేస్త్రీలు. ఎన్ని అడుగుల్లో తడి తగిలేదో, ఇప్పుడు ఎన్ని అడుగులు దించుతున్నారో చెప్పగలరు.

నల్లగొండలో ఈ బోర్ల మాట మరీ ముఖ్యం. ఇక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది. నీళ్లు ఆ రాతిని ఎంతకాలం అంటుకుని ఉంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పైన ఉంటే తాగకూడదు. నడుం వంగిపోయిన మనుషుల బొమ్మలతో ఈ జిల్లా దేశానికంతా తెలిసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి తయారుచేస్తే, దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు. ఊరి పేరు అలా నిలవడం ఎవరూ కోరుకునేది కాదు. కృష్ణా నీళ్లు ఎత్తిపోసి పానగల్లు దగ్గర ఉదయ సముద్రంలో నింపాక పట్టణానికి, చుట్టుపక్కల ఊళ్లకు బోరు నీళ్లు తాగే గతి తప్పింది. ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు ఏలిన కందూరు చోడుల నాటి చెరువు చోటే ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల రిజర్వాయర్ అయింది. దాని విలువ కట్టమంటే ఆయకట్టు ఒక్కటే చూస్తే ఎలా? అన్ని ఇళ్ల తాగునీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో తీయాలంటే ఎంత ఖర్చవుతుందో, లేదా ఇంటికి రోజుకో ఇరవై లీటర్ల క్యాన్ కొనాలంటే నెలకెంత పడుతుందో లెక్కగట్టడం ఒక పద్ధతి. దీన్ని ప్రత్యామ్నాయ ఖర్చు పద్ధతి అంటారు. ట్రైనింగ్‌కు వచ్చిన మున్సిపల్ అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) ఒక మధ్యాహ్నంలో చేయగల లెక్కే. ఒక్క జాగ్రత్త తీసుకుంటే చాలు. ఒకే నీళ్లను పటిక ఖర్చు కింద ఒకసారి, క్యాన్ల ఖర్చు కింద ఇంకోసారి రాస్తే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. మదింపు రిపోర్టుల్లో తరచూ దొర్లే తప్పుల్లో ఇదొకటి.

పూడిక మట్టి లెక్క కూడా ఇలాంటిదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో తమ చెల్కల్లో పోసుకున్నారు. ఎరువు మూటలు ఎన్ని తగ్గాయో అడిగి రాసుకుంటే సరిపోతుంది.

అంకె వేయడం మొదలుపెట్టాక ఇంకో ప్రమాదం ఉంది. తేలిగ్గా కొలవగలిగినవే విలువైనవిగా కనిపిస్తాయి. మహబూబ్‌నగర్ పెద్దచెరువుతో పాటు చాలా టౌన్లలో మినీ ట్యాంక్‌బండ్లు వచ్చాయి. నడక దారి, రెయిలింగ్, లైట్లు, సెల్ఫీ పాయింట్. సాయంత్రం ఎంతమంది వచ్చారో, బోటింగ్ టికెట్లు ఎన్ని తెగాయో లెక్క సులువు. జనం సంతోషంగా తిరగడం తప్పేమీ కాదు, అదీ ఒక సేవే. కానీ చుట్టూ రిటైనింగ్ గోడ కట్టినచోట ఎగువ కాలనీ నుంచి వచ్చే నీళ్లకు దారి ఎక్కడ పెట్టారన్నది చూడాలి. దారి సరిపోకపోతే గోడకు అవతల చెరువు అందంగా ఉంటుంది, ఇవతల కాలనీ మునుగుతుంది. భితర్‌కనికాలో కరకట్ట చేసిన పని గుర్తుందిగా. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు, 2018లో మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఫొటోలు దేశమంతా తిరిగాయి. జబ్బు కళ్లకు కనిపించింది కాబట్టి వైద్యం జరిగింది. చెరువు జబ్బు అలా కనిపించదు. లోపలికి వచ్చే కాలువ మూసుకుపోయాక కూడా రెండు మూడేళ్లు నీళ్లు నిండుగానే ఉండొచ్చు.

రూపాయల్లో విలువ చెప్పడమే ముప్పని వాదించేవాళ్లూ ఉన్నారు. ధర చెబితే ఆ ధర కట్టి కొనేవాడు వస్తాడని. అందులో నిజం లేకపోలేదు. అందుకే మదింపు రిపోర్టులో మొత్తం ఎన్ని కోట్లు అన్న ఒకే అంకె కంటే, ఈ చెరువు పోతే ఎవరికి ఎంత పోతుంది అన్న పట్టిక మేలు. బెస్తవాడికి ఇంత, దిగువ కాలనీలో అద్దెకుండేవాళ్లకు ఇంత, మున్సిపాలిటీకి డ్రైనేజీ కట్టే ఖర్చు ఇంత అని రాస్తే, నష్టపరిహారం ఎవరికి ఇస్తారో చెప్పకుండా ఎవరూ ఫైలు కదపలేరు.

ఇక తీరం సంగతికే మళ్లీ వస్తే, దక్షిణ తెలంగాణకు సముద్రంతో సంబంధం లేదనడం పటం చూడనివాళ్ల మాట. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేచోట మడ అడవులు ఉన్నాయి. పైన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతే డెల్టా అంచును సముద్రం కోసేస్తుంది. నల్లగొండలో నీళ్ల నాణ్యత కొలిచే మనిషి, మచిలీపట్నంలో మడ అడవి చూసే మనిషి ఒకే నది రెండు చివర్లను పట్టుకున్నారు. విచిత్రం ఏమిటంటే, సముద్రం లేని హైదరాబాద్‌లోనే సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ జాలర్లకు చేపలు ఎక్కడ దొరుకుతాయో చెబుతుంది, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది, ఇతర దేశాల వాళ్లకు సముద్ర శాస్త్రంలో శిక్షణ కూడా ఇస్తోంది. సముద్రం పాఠం రాజధానిలో చెప్పగలిగినప్పుడు చెరువు పాఠం రాజేంద్రనగర్‌లోని నీరు, భూమి యాజమాన్య శిక్షణ సంస్థ వాలంతరిలో, పాలమూరు యూనివర్సిటీలో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో చెప్పలేమా? ఇరిగేషన్ ఏఈ, టౌన్ ప్లానింగ్ ఆఫీసర్, రెవెన్యూ సర్వేయర్, మత్స్యశాఖ ఉద్యోగి ఒకే బ్యాచ్‌లో కూర్చోవాలి. ఇప్పుడు ఒకరు గీసిన ఎఫ్‌టీఎల్ ఇంకొకరి లేఅవుట్ మ్యాపులో కనిపించదు.

శిక్షణ ఎప్పుడు పెట్టాలన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది. సాధారణంగా ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు నిధులు ఖర్చు చేయాలని ఫిబ్రవరి, మార్చిలో పెడతారు. అప్పటికి చెరువు సగం ఎండి ఉంటుంది. పాలమూరులో ఏడాది వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. మత్తడి దూకిన రాత్రి నీళ్లు ఏ గల్లీ దాకా వచ్చాయో చెప్పే సాక్ష్యం ఇళ్ల గోడల మీద బురద గీతలా ఉంటుంది. మోకాలి ఎత్తున ఒకచోట, కిటికీ అంచున ఇంకోచోట. టేపు పెట్టి కొలిచి, ఇంటి నంబర్ పక్కన రాసుకుంటే వరద లెక్కకు అంతకంటే మంచి ఆధారం దొరకదు. దసరాకు సున్నం వేస్తారు, ఆ గీత పోతుంది. బ్యాచ్ ఆలోపే గల్లీలోకి రావాలి.